జొన్నల్లో రాసిన పేరు

దాక్షాయణి బజారుకు వచ్చిందంటే ఒక్క పని చూసుకుని పోయే మనిషి కాదు. ఆ సోమవారం కూడా హోటళ్లకు రొట్టెలు వేసి, అదే పోకలో కోడలి స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టించుకుని పోదామని నారాయణఖేడ్ బస్టాండు వెనక ఉన్న నెట్ సెంటర్‌కు వచ్చింది. రొట్టెల గంప ఖాళీ అయింది. దరఖాస్తే ముందుకు కదలలేదు.

"పేరు కలుస్తలేదక్కా," అన్నాడు నెట్ సెంటర్ మహిపాల్, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. "టెన్త్ మెమోల శైలశ్రీ అని ఉంది. ఆధార్‌ల శివలీల అని ఉంది. గీ ఇద్దరు ఒక్కరేనని కంప్యూటర్‌కు ఎట్ల ఎరుక?"

"నేను చెప్తున్న గద తమ్మీ. నా కోడలే. పెండ్లిల పేరు మార్చినం. మా దాంట్ల గట్లనే మారుస్తరు."

"నువ్వు చెప్తె నేను నమ్ముత. గీ మిషన్ నమ్మది."

వెనక వరసలో ఎవరో నవ్వారు. పక్కనే నిలబడ్డ కోడలు నవ్వలేదు. ప్లాస్టిక్ ఫైలును రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని తెర మీద ఎర్రగా కనిపిస్తున్న అక్షరాలను చూస్తోంది.

బీఈడీ సీటు వచ్చినప్పుడు కాలేజీవాళ్లు ఫీజు అడగలేదు. సర్కారు కడుతుందిలే అన్నారు. అని, పదో తరగతి మెమో దగ్గర నుంచి డిగ్రీ దాకా అసలు కాగితాలన్నీ తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. ఇప్పుడు దరఖాస్తు పోకపోతే ఫీజంతా ఇంటివాళ్లే కట్టాలి. కట్టలేకపోతే కోడలికి పరీక్షా లేదు, ఆ కాగితాలూ చేతికి రావు.

"మరెట్ల తమ్మీ?"

"ఆధార్‌ల పేరును మెమోల ఉన్నట్టు చేయించుకోన్రి. నెలాఖరు దాంక టైముంది. కానీ ఒక్క ముచ్చట. పేరు రెండుసార్లే మారుస్తరు. పెండ్లప్పుడు ఒకసారి అయిపోయింది. ఇగ ఒక్కటే మిగిలింది. మల్ల శివలీల కావాల్నంటె కాదు." మహిపాల్ అప్పుడు తల తిప్పాడు. "ఆధార్ సెంటర్‌కు ఒరిజినల్ మెమో పట్కపోవాలె. జిరాక్స్ నడవది."

"ఒరిజినల్ కాలేజీల ఉంది," అంది కోడలు మెల్లగా.

"ఫీజు కట్టనిది ఇయ్యరు గద?"

"ఇయ్యరు."

"దరఖాస్తు పోనిది ఫీజు రాదు. మెమో లేనిది దరఖాస్తు పోదు." మహిపాల్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "గానుగెద్దు తిరిగినట్టుంది అక్కా మీ కథ."

*

ఇంటి వెనక రేకుల కింద కట్టెల పొయ్యి. తెల్లవారితే దాక్షాయణి, గ్రేసమ్మ ఎదురెదురుగా కూర్చుంటారు. గ్రేసమ్మ వెనక వాడ మనిషి, రొట్టెల పనిలో ఆమె జోడు. జొన్నపిండిలో మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా ఆగకుండా పిసికేది గ్రేసమ్మ. ముద్ద తీసుకుని పీట మీద తట్టేది దాక్షాయణి. కాలేజీ బస్సు వేళ అయ్యేదాకా పెనం దగ్గర కోడలు. రొట్టె మీద తడిగుడ్డతో నీళ్లు రాసి, తిప్పి, చివరికి నిప్పుల ఎదురుగా నిలబెడితే అది బుగ్గలా ఉబ్బుతుంది.

మర్నాడు పొద్దున కోడలు లోపల తల దువ్వుకుంటోంది. దాక్షాయణి నెట్ సెంటర్ సంగతంతా చెప్పింది.

"మా దాంట్ల బాప్తిస్మమైతె పాస్టరు పేరు మారుస్తడు," అంది గ్రేసమ్మ పిండి పిసుకుతూ. "మీ దాంట్ల పెండ్లయితె అత్త మారుస్తది. మావోళ్లే నయం. నీళ్లల్ల ముంచి లేపుతరు. మీరు ముంచుడే గానీ లేపుడు లేదు."

"నీ నోట్ల మన్ను పడ. పొద్దుగాల్నే మొదలు పెట్టినవా?"

"ఉన్నదే అన్న. పిల్ల సదువుకు అడ్డమొస్తుంటె పాత పేరు పెట్టియ్యిన్రి. దాని అమ్మ నాయిన పెట్టిన పేరేనాయె."

"పెట్టొచ్చు," అంది దాక్షాయణి.

"పెట్టొచ్చు అనుకుంట ముఖం గట్ల పెట్టినవేంది? గా పేరు మీద నీకు ఎందుకంత పావురమో, ప్రేమనో నాకు ఎరుక లేదమ్మా."

పీట మీద చల్లిన పొడిపిండిలో దాక్షాయణి వేలు ఏదో గీసింది. శి అనే అక్షరం. దాని మీదే ముద్ద పెట్టి తట్టడం మొదలుపెట్టింది.

శివలీల ఆమె పేరే.

నాగల్‌గిద్దలో ఆమె పెళ్లి జరిగిన ఏడు ఇంట్లో బియ్యానికి కరువుండి పళ్లెంలో జొన్నలు పోశారు. పెళ్లికొడుకు చన్నబసప్ప ఉంగరం వేలితో ఆ జొన్నల్లో ఆమె కొత్త పేరు దాక్షాయణి అని రాశాడు. చుట్టూ ఉన్నవాళ్లు అక్షతలు వేశారు. పళ్లెం ఎత్తగానే అక్షరాలు చెదిరిపోయాయి. మర్నాడు ఆ జొన్నలు గిర్నికి పోయి పిండయ్యాయి, రొట్టెలయ్యాయి, అందరూ తిన్నారు. ఆ తర్వాత అత్తగారింట్లో శివలీల అని పిలిచినవాళ్లు లేరు. తల్లీ తండ్రీ పోయాక ఎక్కడా లేరు. కొడుకు పెళ్లిలో, కోడలికి ఏ పేరు రాయాలని పెళ్లి చేయించే జంగమయ్య అడిగినప్పుడు, ఎవరూ నోరు తెరవకముందే ఆమె చెప్పేసింది. తన పేరని మాత్రం ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ పేరు వినిపిస్తూనే ఉంది. ఎక్కువగా పిలిచేది తనే. లీలా, నీళ్లు తే. లీలా, అన్నం తిన్నవా. ఒక్కోసారి పని లేకపోయినా పిలిచేది.

"సాలు సాలు," అని గ్రేసమ్మ ఆమె చేతి మీద కొట్టింది. "గంత పలచగ తడ్తె పెనం మీదికి పోతదా, గాలిల ఎగుర్తదా?"

*

మధ్యాహ్నం గిర్ని బెల్టు ఆపి చన్నబసప్ప అన్నానికి వచ్చాడు. కనుబొమల మీద పిండి. నాగల్‌గిద్ద వదిలి ఎన్నేళ్లయినా ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆయన మొదటిమాట కన్నడంలోనే ఉంటుంది.

"ఏనాయ్తు? కోడలు కాలేజీకి పోలేదా?"

"పోయింది. ఒక పూటకే వచ్చింది." దాక్షాయణి రొట్టె వేసి, పప్పు పోసి, సంగతి చెప్పింది.

ఆయన కోప్పడే మనిషి కాదు. నమిలి మింగి, నీళ్లు తాగి, లెక్క చూసుకున్నట్టు మాట్లాడతాడు. "రేషన్ కార్డుల శివలీల. బ్యాంకుల శివలీల. గ్యాసు బుక్కుల శివలీల. అన్నీ మల్ల మార్పించుకుంట ఎవడు తిరుగుతడు? దానికంటె ఒక యాడాది సదువు ఆగితె ఏమైతది?"

"ఆగితె మల్ల ఎక్కదు. చూస్తలేవా ఎంతమంది ఆగిన్రో, ఎవలు ఎక్కిన్రో?"

"నన్నెందుకంటవ్? గా పేరు పెట్టింది నువ్వు. మా అవ్వ పేరు పెడ్దామంటె వినకపోతివి. శివలీల, శివలీల అని పట్టు బట్టితివి." రొట్టె తుంచుతూ తల ఎత్తాడు. "ఇంతకు ఎవల పేరే అది? మీ మ్యానత్తదా? యాడికెల్లి తెచ్చినవ్?"

దాక్షాయణి ఆయన ముఖంలోకి చూసింది. వేళాకోళం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"యాడికెల్లో తెచ్చిన తియ్యి," అంది. "పప్పు ఇంకింత పోయాల్నా?"

సాయంత్రం కొడుకు నందీశ్వర్ ఫోన్ చేశాడు. డీసీఎం బండిలో కందుల లోడు వేసుకుని లాతూరు తోవలో ఉన్నాడు. బండి చప్పుడుకు మధ్య మధ్య మాటలు తెగిపోతున్నాయి. "అమ్మా, లీలను ఈ యాడాదికి ఆగమను. బండి కిస్తీలు తీరనీ. గా ఫీజు మీద పడితె నేను కట్టలేను."

"నేను చెప్ప. నువ్వే చెప్పుకో," అని ఫోన్ కోడలికి ఇచ్చింది.

కోడలు గోడ వైపు తిరిగి విన్నది. ఊఁ అంది. మళ్లీ ఊఁ అంది. ఫోన్ పెట్టేసి, దండెం మీది బట్టలు తీసి మడతపెట్టింది. మడతపెట్టిన జాకెట్టునే విప్పి మళ్లీ మడతపెట్టింది.

"ఆయన చెప్పింది నిజమే అత్తమ్మ. ఆగుత."

ఆ మాట వినగానే దాక్షాయణి లోపల ఏదో సర్దుకున్నట్టయింది. అలసిన కాళ్లు చాపుకున్నప్పటి సుఖం లాంటిది. కోడలు ఇంట్లోనే ఉంటుంది. పేరూ ఉంటుంది. రేపూ, ఎల్లుండీ, ఎప్పటికీ లీలా అని పిలుచుకోవచ్చు. ఎవరినీ నొప్పించే పని లేదు, ఎవరి గడపా తొక్కే పని లేదు.

తర్వాత ఆ సుఖం ఏమిటో ఆమెకు తెలిసింది. తెలిసి, తన మీద తనకే భయం వేసింది.

కోడలు స్టూలు వేసుకుని సజ్జ మీదికి చార్టులు ఎక్కిస్తోంది. పిల్లలకు పాఠం చెప్పడానికి ఆదివారమంతా కూర్చుని గీసిన చార్టులవి. వాన ఎట్లా పడుతుందో ఒకదాని మీద నీలిరంగు బాణాలతో వేసింది. మబ్బుకు దూది అంటించింది. చుట్ట చుట్టేటప్పుడు ఆ దూది నలగకుండా కోడలు అరచెయ్యి అడ్డం పెట్టడం దాక్షాయణి చూసింది. చదువు ఆగుతానన్న మనిషి దూదిని కాపాడుతోంది.

"ఎందుకు ఎక్కిస్తున్నవ్?"

"కింద ఉంటె ఖరాబైతయని."

"దించు. రేపు కాలేజీకి నేను వస్త."

*

బీఈడీ కాలేజీ ఊరి బయట రెండంతస్తుల మేడ. ఆఫీసు గదిలో క్లర్కు థామస్, ఆయన వెనక ఇనప బీరువా. థామస్ కోడలిని చూసి తల ఊపాడు. దాక్షాయణిని చూసి, "కూసో అమ్మా," అనబోయి చుట్టూ కుర్చీ కోసం వెతికాడు. లేదు.

సంగతి విని నుదురు రుద్దుకున్నాడు. "నా చేతిల ఉంటె ఇప్పుడే ఇస్త. పోయినేడు ఒక పిల్ల గిట్లనే మెమో పట్కపోయి మల్ల రాలేదు. నా జీతంల కోసిన్రు."

"మా పిల్ల వస్తది."

"అందరు గట్లనే అంటరు. ఒక్క తొవ్వ ఉంది. ఇంటోళ్లు ఎవరన్న జమానత్ రాసియ్యాలె. సర్కారు పైసలు రాకుంటె మేం కడ్తమని. మీ ఇంటాయననన్న, కొడుకునన్న రమ్మను. మొగోళ్ల సంతకం ఉండాలంటడు మా సారు."

"నా కొడుకు లాతూరు తొవ్వల ఉన్నడు. మా ఇంటాయన గిర్ని బంద్ పెట్టి రాడు. నేను నీ ముంగట నిల్సున్న."

"నిల్సుంటె కాదమ్మా."

"అయితె కుర్సీ ఎయ్యి. కూసుంట."

థామస్‌కు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గానీ ఆగలేదు. లేచి పక్కగదిలో నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. "నీ పేరు మీద ఏమన్న ఉందా? భూమి, ఇల్లు?"

"ఏం లేదు. మహిళా సంఘంల అప్పు దీస్కొని మొత్తం తీర్చిన. ఇప్పుడు ఇంకోటి కడ్తున్న. ఒక్క కిస్తీ తప్పలే. బస్టాండు కాడ నువ్వు తినే రొట్టె నాదే."

"గది నీదేనా?" అని ఒక క్షణం ఆమె చేతుల వంక చూశాడు. ఫోన్ తీసుకుని వరండాలోకి పోయాడు. సారు అనే మాట చాలాసార్లు వినిపించింది. కోడలు గోడకు ఆనుకుని, చీర కొంగు చివర దారం లాగుతూ నిలబడింది. తరగతి గదిలో ఎవరో బల్ల మీద డస్టర్ కొట్టారు.

థామస్ తిరిగి వచ్చాడు. "సరే అన్నడు. కానీ ఇను అమ్మా. సర్కారు పైసలు ఎప్పుడొస్తయో నాకు ఎరుక లేదు. రాకుంటె నువ్వే కట్టాలె. సోంచాయించుకో."

"అత్తమ్మ, వద్దు," అంది కోడలు.

"నువ్వు ఊకో. రాయి అన్నా."

థామస్ తెల్లకాగితం తీసి రాసి, పైకి చదివాడు. చన్నబసప్ప భార్య దాక్షాయణి అను నేను, నా కోడలు శైలశ్రీ చదువు విషయంలో... శైలశ్రీ అనే మాట దగ్గర దాక్షాయణికి ఒక్క క్షణం అది ఎవరో అనిపించింది. ఇంకు పెట్టె ముందుకు తోశాడు థామస్.

"వేలిముద్ర కాదు. సంతకమే," అంది.

మహిళా సంఘంలో నేర్చుకున్న సంతకం. అక్కడైతే పది మందిలో ఒకటిగా, పైవాళ్లు పెట్టిందాని కింద తనదీ పెట్టేది. ఇక్కడ కాగితం మీద ఇంకో పేరు లేదు. దా రాసింది. క్షా దగ్గర ఎప్పటిలాగే చెయ్యి ఆగింది. కోడలు వంగి చూపించబోతే మోచేత్తో పక్కకు జరిపింది. వంకర పోకుండా, తొందర లేకుండా, రొట్టె అంచు సవరించినట్టు ఆ అక్షరాన్ని గుండ్రంగా తిప్పి, దీర్ఘం పెట్టి, మిగతా రెండూ రాసింది. ఇన్నాళ్లూ ఎవరో పిలిస్తే పలికిన పేరది. ఈ పూట అది తనంతట తాను ముందుకు వచ్చి మాట ఇచ్చింది.

ఆరేదాకా కాగితం మీద ఊదింది.

థామస్ బీరువా తెరిచాడు. "రేపు సాయంత్రం లోపల తెచ్చియ్యిన్రి. నా జీతం సంగతి యాది పెట్టుకోన్రి."

*

మర్నాడు ఆధార్ సెంటర్‌కు పొద్దున్నే వెళ్లినా ముందు చాలామంది ఉన్నారు. గోడ నీడలో అత్తాకోడళ్లు కూర్చున్నారు. కోడలు మెమోను ఒళ్లో పెట్టుకుని దాని మీద చెయ్యి ఆనించింది.

"కార్డుల మారినా, ఇంట్ల నన్ను లీలనే అనుండ్రి అత్తమ్మ. మీరు ముద్దుగ పెట్టిన పేరు."

దాక్షాయణి ఎదురుగా ఆగిన ఆటోను చూస్తూ, "పెట్టిన పేరు కాదు బిడ్డా," అంది. "నాదే."

"ఏంది?"

"నా పేరే. నా పెండ్లి దాంక శివలీలనే నేను."

కోడలు మెమో మీది నుంచి చెయ్యి తీసి అత్త వైపు తిరిగింది. "మామయ్యకు ఎరుకేనా?"

"కొత్త పేరు జొన్నలల్ల రాసిందే ఆయన. పాతది యాది లేదు. మొన్న నన్నే అడుగుతుండు, ఎవల పేరే అది అని."

కోడలికి నవ్వు రాబోయి, అత్త ముఖం చూసి ఆగిపోయింది. దాక్షాయణే ముందు నవ్వింది. అప్పుడు ఇద్దరూ నవ్వారు. పక్కన కూర్చున్న ముసలాయన కాళ్లు ముడుచుకుని వాళ్లను వింతగా చూశాడు.

"అయితె మీరు గూడ మార్పించుకోన్రి అత్తమ్మ. ఇక్కడనే ఉన్నం గద."

"నాకేం స్కాలర్‌షిప్ వస్తదా?"

"నవ్వులాటకు కాదు. నిజంగనే."

దాక్షాయణి కాసేపు ఆలోచించింది. మాట కోసం కాదు, తన మనసు ఏమంటుందో వినడానికి. "వద్దు. మొన్నటి దాంక అడిగితె ఊఁ అందునేమో. ఇప్పుడు నీ జమానత్ మీద దాక్షాయణి అని పెట్టిన. గా పేరు లేకుంటె థామస్ రేపు ఎవలను పట్టుకుంటడు? ఉండనీ. పనికొచ్చిన పేరు."

టోకెన్ పిలిచారు. ఆపరేటర్ మెమో చూసి, అక్షరాలు కొట్టి, తెరను కోడలి వైపు తిప్పాడు. "చూస్కో అమ్మా. ఇదే ఆఖరుసారి. ఇగ మారది."

కోడలు తెరను చూడకుండా అత్తను చూసింది.

"నన్ను చూడకు," అంది దాక్షాయణి. "నీ పేరు నువ్వు చూస్కో."

కోడలు తిరిగి చూసింది. లోపల అక్షరాలను కూడబలుక్కుంటున్నట్టు పెదవులు కదిలాయి. "కరెక్టే," అని వేలు పెట్టింది.

*

మెమో ఆ సాయంత్రమే కాలేజీ బీరువాలోకి తిరిగి పోయింది. నెల చివరి వారంలో ఆధార్‌లో పేరు మారిందని కోడలి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మహిపాల్ దగ్గర మళ్లీ అదే వరస, అదే కంప్యూటర్. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. ప్రింటర్ గుర్రుమంటూ ఒక కాగితాన్ని బయటికి తోసింది.

"పోయిందక్కా దరఖాస్తు."

"పైసలు ఎప్పుడొస్తయ్ తమ్మీ?"

"గది మాత్రం అడగొద్దు. పోయినేటివే ఇంకా రాలేదు."

దాక్షాయణి తల ఊపింది. అవి వచ్చేదాకా తన సంతకం కాలేజీ బీరువాలోనే ఉంటుంది. ఉండనీ అనుకుంది. ఆ రాత్రి అన్నం దగ్గర చన్నబసప్పకు, అయింది అని చెప్పింది. జమానత్ సంగతీ చెప్పింది. ఆయన నమలడం ఆపి, "నన్ను అడగకపాయె," అన్నాడు. "మొగోళ్లను ఎవలనన్న రమ్మన్నరు. ఎవలు లేకుండిరి," అంది. ఆయన మళ్లీ నమలడం మొదలుపెట్టాడు. మర్నాడు గిర్నికి పోతూ, కోడలు పరీక్షలు ఎప్పుడని అడిగి పోయాడు.

పొద్దున పొయ్యి అంటుకుంది. గ్రేసమ్మ పిండి పిసికి ముద్ద అందించింది. దాక్షాయణి తట్టిన రొట్టెను పెనం మీద వేసి, తడిగుడ్డతో నీళ్లు రాసి, చేతులకు ఖాళీ లేక లోపలికి చూస్తూ పిలిచింది.

"లీ..." నోరు మూసుకుంది. గ్రేసమ్మ కళ్లెత్తి చూసింది.

"శైలా," అంది దాక్షాయణి. మాట పొడిగా, కొత్త చెప్పులా ఉంది. లోపల గాజుల చప్పుడు అవుతూనే ఉంది.

"నీ కోడలికి ఇంకా మెసేజ్ పోయినట్టు లేదు," అంది గ్రేసమ్మ.

"నువ్వు ఊకో ముసల్దానా." గొంతు సవరించుకుని, ఈసారి వాకిలి దాకా వినపడేటట్టు పిలిచింది. "శైలశ్రీ!"

గాజుల చప్పుడు ఆగింది. కొంగుకు పిన్ను పెట్టుకుంటూ కోడలు తలుపులోకి వచ్చి, ఇటూ అటూ చూసింది.

"నన్నేనా అత్తమ్మ?"

"ఇంకెవలున్నరే ఈ ఇంట్ల గా పేరుతోని? జల్దీ రా. రొట్టె మాడుతుంది."